కౌలు ఒకటి, కౌలిచ్చేవారు ఇద్దరు

కౌలు అనే మాట ఆంధ్రదేశపు రైతుకు చిన్ననాటి నుంచి తెలిసినది. ఒకరి భూమిని మరొకరు, ఇంత కాలానికని, ఒప్పందం మీద సాగు చేసుకోవడమే కౌలు. ఈ మాట అరబ్బీ 'ఖౌల్' నుంచి పారసీకం, ఉర్దూల మీదుగా మనకు చేరింది. అక్కడ దాని అర్థం 'మాట', 'ఇచ్చిన మాట'. ఈ సంగతి మన ఉర్దూ విభాగపు మిత్రులకు మేము చెప్పనక్కరలేదు. అయితే కంప్యూటర్ల నెట్‌వర్కులో ప్రతి యంత్రమూ తన చిరునామాను కౌలుకే తీసుకుంటుందనీ, ఆ కౌలుకు గడువు, పొడిగింపు, గడువు మీరితే స్వాధీనం చేసుకోవడం అన్నీ ఉన్నాయనీ చాలామందికి తెలియదు. ఒకే పొలాన్ని ఇద్దరికి కౌలుకిస్తే ఊళ్ళో ఏమవుతుందో అందరికీ తెలుసు. అదే తగాదా గత వర్షాకాలంలో అరకు లోయలోని ఒక విద్యాసంస్థలో యంత్రాల మధ్య వచ్చింది. దానిని తీర్చడానికి వెళ్ళిన మేము అక్కడ నేర్చుకున్నది ఈ వ్యాసంలో వివరించదలచాము.

ముందుగా చిరునామా సంగతి. నెట్‌వర్కులో చేరిన ప్రతి కంప్యూటరుకూ, ప్రతి ఫోనుకూ 10.20.2.57 వంటి ఒక అంకెల చిరునామా ఉండాలి. ఒక వాడలో రెండు ఇళ్ళకు ఒకే నంబరు ఉండరాదు. ఒకప్పుడు ఈ అంకెలను ఒక్కొక్క యంత్రంలో చేతితో రాసి, పుస్తకంలో ఎక్కించేవారు. 1985లో బూట్‌పీ అనే పద్ధతి వచ్చి కొంత శ్రమ తగ్గించింది గాని, అందులో గడువు అనే భావం లేదు. ఇచ్చిన చిరునామా ఇచ్చినట్టే ఉండేది. 1993 అక్టోబరులో వెలువడిన డి.హెచ్.సి.పి. ప్రమాణం ఆ లోటును తీర్చింది. 1997 మార్చిలో సవరించిన రూపమే, ఆర్.ఎఫ్.సి. 2131 అనే సంఖ్యతో, నేటికీ ఈ పద్ధతికి ఆధారం. రెండింటినీ రచించినవారు రాల్ఫ్ డ్రోమ్స్.

పద్ధతి ఇది. కొత్తగా మేలుకున్న యంత్రానికి తన చిరునామా తెలియదు, సర్వరు చిరునామా కూడా తెలియదు. కనుక అది దండోరా వేస్తుంది: చిరునామా ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా అని. విన్న సర్వరు ఫలానా అంకె ఇవ్వగలనని చెబుతుంది. యంత్రం ఆ అంకెనే ఇవ్వమని అడుగుతుంది. సర్వరు సరే అని కాలపరిమితితో ఖరారు చేస్తుంది. నాలుగు మాటలతో కౌలు కుదిరింది. గడువులో సగం గడిచాక యంత్రం తనకు కౌలిచ్చిన సర్వరుకే నేరుగా రాసి పొడిగింపు కోరుతుంది. జవాబు రాకపోతే, గడువులో ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక, మళ్ళీ దండోరా వేసి ఏ సర్వరైనా సరే పొడిగించమంటుంది. అప్పటికీ ఎవరూ పలకకపోతే గడువు తీరిన క్షణాన చిరునామా వదులుకోవాలి. ఈ రెండు దశల తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. దీని అవసరం మళ్ళీ వస్తుంది.

దండోరాకు ఒక హద్దు ఉంది. అది రౌటరును దాటదు. ఒక కొండ మీది డప్పు పక్క కొండకు వినపడనట్టే, ఒక విభాగంలోని కేక ఆ విభాగంలోనే ఆగిపోతుంది. అలాగని ప్రతి విభాగంలోనూ ఒక సర్వరును పెట్టడం వృథా ఖర్చు. అందుకని రౌటరులోనే రిలే అనే ఉద్యోగిని నియమిస్తారు. అతడు దండోరా విని, దానిని ఉత్తరంగా మార్చి, తాను విన్న వైపు ఉన్న తన చిరునామాను అందులోని ఒక గడిలో రాసి, దూరాన ఉన్న సర్వరుకు పంపుతాడు. ఆ గడిని చూసే సర్వరు ఈ కేక ఏ విభాగం నుంచి వచ్చిందో తెలుసుకుని, ఆ విభాగానికి చెందిన రాశిలో నుంచే అంకెను తీసి ఇస్తుంది. జవాబు కూడా ఆ గడిలోని చిరునామాకే వెళుతుంది. ఉత్తరం సర్వరుకు చేరుతున్నా జవాబు తిరిగి రావడం లేదంటే, సర్వరుకు ఆ గడి చిరునామాకు వెళ్ళే దారి తెలియదని అర్థం. ఇది తరచుగా ఎదురయ్యే లోపం. పరీక్షించేవారు వెళ్ళే దారినే చూసి, వచ్చే దారిని మరిచిపోతారు.

ఇక సర్వరు ఒక్కటే ఉంటే, అది పడిపోయిన నాడు కొత్తవారికి చిరునామా ఉండదు. పాతవారి కౌళ్ళు ఒక్కొక్కటిగా తీరిపోతాయి. కొండ ప్రాంతంలో ఇది ఊహాజనితమైన భయం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు నగరంలోనే కరెంటూ ఫోన్లూ లేక జనం రోజుల తరబడి అల్లాడారు. కొండల మీది సంగతి వేరే చెప్పాలా? పైగా రాతి నేలలో కందకం తవ్వడం కష్టం కనుక గాజుతీగను కరెంటు స్తంభాల మీదుగానే లాగడం పరిపాటి. 2017 డిసెంబరులో జాతికి అంకితమైన రాష్ట్ర ఫైబర్‌నెట్ పథకం కూడా ప్రధానంగా ఈ దారినే ఎంచుకుని తక్కువ ఖర్చుతో విస్తరించింది. చవకైన ఉపాయమే. కాని ఎక్కడైనా ఒక చెట్టు కూలితే దీపమూ, వార్తా రెండూ ఒకేసారి ఆగుతాయి. ఆ కారణంగా రెండు సర్వర్లను రెండు వేర్వేరు భవనాలలో, వేర్వేరు కరెంటు లైన్ల మీద పెట్టడం వివేకం. మేము వెళ్ళిన సంస్థలో సరిగ్గా అలాగే పెట్టారు.

అయితే రెండు సర్వర్లు ఉంటే చాలదు. ఎవరు ఏ చిరునామా ఇచ్చారో ఇద్దరికీ తెలియాలి. దీనికి పాత ఉపాయం పంపకం: రాశిలో 80 పాళ్ళు ఒకరికి, 20 పాళ్ళు మరొకరికి. ఎవరి పొలం వారిది, మాటలతో పని లేదు, తగాదా లేదు. కాని పెద్ద వాటా ఉన్నవాడు పడిపోతే చిన్న వాటా త్వరలో ఖాళీ అవుతుంది. రెండవ ఉపాయం ఫెయిలోవర్. ఇందులో ఇద్దరూ ఎడతెగక మాట్లాడుకుంటూ, ఇచ్చిన ప్రతి కౌలునూ ఒకరి పద్దులో ఒకరు రాసుకుంటారు. ఖాళీ చిరునామాలను మాత్రం ముందే చెరిసగం పంచుకుంటారు. మాట తెగినా ఎవరి సగంలో వారు కొత్తవారికి ఇస్తూ పోవచ్చు. ఈ పద్ధతిని ప్రమాణంగా చేయాలని ముసాయిదాలు రాశారు గాని, నాలుగో తరం చిరునామాల విషయంలో అది ముసాయిదాగానే మిగిలింది. ఆరో తరానికి మాత్రం 2017లో ప్రమాణం వెలువడింది.

ఫెయిలోవర్‌లో ఒక అందమైన నియమం ఉంది. భాగస్వామికి తెలిసిన గడువును మించి, ఒక నిర్ణీత వ్యవధి కంటే ఎక్కువ కాలానికి ఏ సర్వరూ కౌలు ఇవ్వరాదు. సాధారణంగా ఆ వ్యవధి ఒక గంట. అందుకే కొత్తగా వచ్చిన యంత్రానికి మొదట గంట కౌలే దొరుకుతుంది. భాగస్వామి పద్దులో ఎక్కాక, పొడిగింపు సమయంలో పూర్తి గడువు ఇస్తారు. మా విద్యార్థి ఒకడు ఈ గంట కౌలును చూసి ఇదే లోపమని ఉత్సాహపడ్డాడు. అది లోపం కాదు, జాగ్రత్త. ఈ నియమం ఉన్నందునే, భాగస్వామి నిజంగా చనిపోయాడని నిర్వాహకుడు ప్రకటించినపుడు, బతికున్న సర్వరు ఆ గంట ఆగి, చనిపోయినవాని ఖాళీ చిరునామాలను కూడా తన వశం చేసుకోవచ్చు.

చిక్కంతా 'నిజంగా' అన్న ఆ ఒక్క మాటలో ఉంది. మాట వినపడకపోతే అవతలివాడు చనిపోయాడా, దారి తెగిందా?

మా విద్యార్థులలో అరకుకు రైలులో వెళ్ళనివారు అరుదు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన ఆ మార్గం సొరంగాలలో దూరుతూ అనంతగిరి కొండలెక్కుతుంది. ఇటువంటి ఒంటిదారి మార్గాలలో రెండు బండ్లు ఎదురెదురుగా రాకుండా మన రైల్వేలు చాలాకాలం టోకెన్ పద్ధతిని వాడాయి. రెండు స్టేషన్లలోనూ రెండు యంత్రాలు, వాటి మధ్య తీగ. ఒక వైపు నుంచి ఇనుప బంతి ఒకటి బయటికి వస్తే, అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండు వైపులా మరొక బంతి రాదు. బంతి చేతిలో లేనిదే డ్రైవరు కదలడు. మరి తీగ తెగితే? అప్పుడు ఏ వైపు నుంచీ బంతి రాదు. రాతపూర్వకమైన వేరే ఏర్పాటు జరిగేదాకా బండి ఆగవలసిందే. ఆలస్యమైనా ఢీకొనడం ఉండదు. డి.హెచ్.సి.పి. వేరే దారి ఎంచుకుంది: తీగ తెగినా ఇద్దరూ పని చేస్తూనే ఉంటారు. ప్రాణాలకు ముప్పు లేదు కనుక ఇది సమంజసమే. కాని ఆ స్థితిలో మనిషి తొందరపడి అవతలివాడు చనిపోయాడని ప్రకటిస్తే, ఒకే దారి మీదికి రెండు బండ్లను వదిలినట్టే.

ఇప్పుడు అసలు కథ. ఆ సంస్థలో మూడు భవనాలు, వాలు మీద మెట్లుమెట్లుగా ఉన్నాయి. పైన కార్యాలయం, నడుమ వసతి గృహం, దిగువన ప్రయోగశాల. మూడూ మూడు విభాగాలు. పై సర్వరు కార్యాలయంలో, కింది సర్వరు ప్రయోగశాలలో. వసతి గృహపు రౌటరులోని రిలే ప్రతి కేకనూ ఇద్దరికీ పంపుతుంది. ఉపకారవేతనాల దరఖాస్తులకు ఇంకా మూడు రోజుల గడువు ఉందనగా మాకు కబురు వచ్చింది: పిల్లలు పత్రం సగం నింపేసరికి సంబంధం తెగిపోతోంది, కొందరి యంత్రాలపై ఈ చిరునామా మరొకరి వద్ద ఉన్నదని హెచ్చరిక వస్తోంది, కొందరికి అసలు చిరునామాయే దొరకడం లేదు. దరఖాస్తు అందకపోతే ఆ సంవత్సరపు ఉపకారవేతనం పోయినట్టే. కొండ పల్లెల నుంచి వచ్చిన ఆ పిల్లలలో చాలామందికి అదే చదువుకు ఆధారం. మరునాడు ఉదయపు కిరండూల్ పాసింజరులో బయలుదేరాము.

మా మొదటి ఊహ తప్పు. వసతి గృహాలలో ఎవరో ఒకరు ఇంటి నుంచి చిన్న వైఫై పెట్టె తెచ్చి గోడకు తగిలించడం మామూలు. అది తానే సర్వరునని అందరికీ చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. ఆ దొంగ సర్వరు కోసం గదిగదీ వెతుకుతూ ఒక పూట పోగొట్టుకున్నాము. పెట్టె దొరకలేదు. వెతికే ముందు ఒక్క నిమిషం యంత్రాన్నే అడిగి ఉంటే సరిపోయేది. విండోస్ యంత్రంలో ఐపీకాన్ఫిగ్ /ఆల్ అన్న ఆజ్ఞ ఇస్తే, తన కౌలు ఏ సర్వరు ఇచ్చిందో అదే చెబుతుంది. 10.20.2.141 అనే అంకెతో తగాదా పడుతున్న రెండు యంత్రాలను పక్కపక్కన పెట్టి ఆ ఆజ్ఞ ఇచ్చాము. ఒకదానికి ఇచ్చింది పై సర్వరు. మరొకదానికి ఇచ్చింది కింది సర్వరు. ఇద్దరూ ఇంటివారే, దొంగ ఎవరూ లేరు!

కింది సర్వరు పద్దు తెరిచి చూస్తే, నాలుగు రోజుల కిందట భాగస్వామితో సంబంధం తెగిందనీ, ఆ సాయంత్రమే భాగస్వామి చనిపోయినట్టు నిర్వాహకులు ప్రకటించారనీ ఉంది. నెట్‌వర్కు చూసే యువ ఉపాధ్యాయుడు ఆ వాన రాత్రి తెర మీద సంబంధం తెగిందన్న మాట చూసి, పుస్తకంలో రాసిన ప్రకారమే చేశాడు. అతనిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మేమైనా అదే చేసేవారమేమో. కార్యాలయపు గది కాపలా చూసే పెద్దాయనను, ఆ నాలుగు రోజులూ పైన కరెంటు లేదా అని అడిగాము. "ఒక్క రేతిరే పోయింది బాబూ. తెల్లారి నుంచి పెట్టె దీపం ఎలుగుతోనే ఉంది. నన్నెవులూ అడగనేదు" అన్నాడు.

అంటే పై సర్వరు బతికే ఉంది. దారి కూడా బాగానే ఉంది. కింది నుంచి పిలిస్తే వెంటనే పలికింది. మరి భాగస్వామితో ఎందుకు మాట్లాడదు? దాని పద్దు తెరవగానే కారణం తెలిసింది. నిన్నటి కౌలు ఎదుట ఉన్న తేదీ 2015 జనవరి. కరెంటు పోయిన రాత్రి యంత్రం ఆగింది. లోపలి గడియారాన్ని నడిపే రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంది. మేలుకునేసరికి యంత్రానికి కాలం వెనక్కి పోయింది. ఫెయిలోవర్ భాగస్వాముల మధ్య కౌలు గడువుల లెక్కలు కాలం మీదనే ఆధారపడతాయి కనుక, గడియారాలలో సుమారు నిమిషానికి మించి తేడా ఉంటే వారు ఒకరితో ఒకరు కలవడానికి నిరాకరిస్తారు. బయటి నుంచి కాలాన్ని తెచ్చి దిద్దే కార్యక్రమం ఒకటి ఆ యంత్రంలో ఉంది. కాని ఆ రాత్రి బయటి లైను లేదు. లైను వచ్చాక తేడా వేయి సెకన్లకు మించి ఉండడంతో, ఇది నమ్మదగిన విషయం కాదని ఆ కార్యక్రమం తానే తప్పుకుంది. ప్రతి ఒక్కరూ తమ తమ నియమం ప్రకారం సక్రమంగానే నడిచారు. ఫలితం మాత్రం ఈ తగాదా.

ఆపైన జరిగినది ఊహించవచ్చు. పై సర్వరు తన సగంలోని ఖాళీ చిరునామాలను ఇస్తూనే ఉంది. కింది సర్వరు గంట ఆగి, తన సగం అయిపోగానే, చనిపోయాడనుకున్నవాని సగంలో చేయి పెట్టింది. ఇచ్చేముందు ఆ అంకెతో ఎవరైనా ఉన్నారా అని సర్వరు ఒకసారి పిలిచి చూస్తుంది. కాని నిద్రపోతున్న ఫోనూ, రక్షణ గోడ వెనుక ఉన్న కంప్యూటరూ పలకవు. కొన్ని యంత్రాలు తామే వాకబు చేసి, ఈ చిరునామా మరొకరిదని తిరస్కరించాయి. తిరస్కరించిన ప్రతి చిరునామానూ సర్వరు చెడిపోయిన జాబితాలో వేస్తుంది. అలా రెండు వందల చిరునామాల రాశి కరిగిపోయింది. అందుకే చివరికి కొందరికి 169.254తో మొదలయ్యే అంకె మిగిలింది. అది ఎవరూ పలకని యంత్రం తనకు తానే పెట్టుకునే అంకె. దానితో రౌటరు దాటలేరు.

గడియారం దిద్ది ఇద్దరినీ కలిపేస్తే చాలని ఎవరికైనా తోస్తుంది. అది ప్రమాదం. ఒకరు తానే వారసుణ్ణని, మరొకరు తాను బతికే ఉన్నానని నమ్ముతూ కలిస్తే, ఇద్దరి పద్దులూ ఢీకొంటాయి. ఆ తగవు తేలేదాకా కొత్త కౌళ్ళు ఆగిపోతాయి. మా వద్ద అంత సమయం లేదు. కనుక ముందు పై సర్వరు సేవను ఆపాము. బ్యాటరీ మార్చి గడియారం దిద్దాము. దాని పద్దును పక్కన దాచి, ఖాళీ పద్దుతో మొదలుపెట్టి, భాగస్వామి వద్ద ఉన్నది మొత్తం రాసుకోమన్నాము. నియమం ప్రకారం అది గంటసేపు మౌనంగా ఉండి తర్వాత కొలువులో చేరింది. ఆ గంట కింది సర్వరు ఒంటరిగా నడిపింది. చెడిపోయిన జాబితాను ఖాళీ చేసి, పిల్లలందరి యంత్రాలనూ ఆపి మళ్ళీ పెట్టించాము. పై సర్వరు ఇచ్చిన పాత కౌళ్ళతో వచ్చినవారిని కింది సర్వరు కాదని, కొత్త అంకెలిచ్చింది. చీకటి పడేవేళకు దరఖాస్తులు మళ్ళీ కదిలాయి.

ఈ పని నేర్వదలచిన విద్యార్థులకు ఒకటి రెండు మాటలు. మొదట బాధపడుతున్న యంత్రం అంకెను చూడండి. 169.254 అయితే ఎవరి జవాబూ చేరలేదు: రిలేను, తిరుగుదారిని, రాశిలో ఖాళీని చూడాలి. మీ విభాగానికి చెందని అంకె అయితే దొంగ సర్వరును అనుమానించవచ్చు. అంకె సరైనదే అయి తగాదా ఉంటే, ఇచ్చింది ఎవరో అడగండి. ఉదయం బాగుండి, గడువులో సగం దాటగానే పద్దులలో ఫిర్యాదులు మొదలైతే, నేరుగా రాసే ఉత్తరాన్ని ఏదో రక్షణ గోడ అడ్డుకుంటోంది. రిలే ఉత్తరాలను మాత్రమే అనుమతించి, యంత్రాలు స్వయంగా రాసేవాటిని ఆపడం అనుభవజ్ఞులు కూడా చేసే పొరపాటు. ఎనిమిదింట ఏడు వంతులకు దండోరా వేయగానే పని జరిగిపోతుంది కనుక ఈ లోపం ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది.

భాగస్వామి చనిపోయాడా లేదా అన్న ప్రశ్నకు ఇటీవలి కార్యక్రమాలు మంచి జవాబు వెతికాయి. ఈ రంగంలో చాలాకాలం రాజ్యమేలిన ఐ.ఎస్.సి. వారి పాత డి.హెచ్.సి.పి. సర్వరుకు 2022లో నిర్వహణ ముగిసింది. దాని వారసుడు కేయా. ప్రతి కేకలోనూ, తాను అడగడం మొదలుపెట్టి ఎన్ని సెకన్లయిందో యంత్రం రాసే గడి ఒకటి ఉంది. భాగస్వామితో మాట తెగినపుడు కేయా, అతని వాటాకు చెందిన యంత్రాల కేకలలో ఈ గడిని గమనిస్తుంది. చాలామంది చాలాసేపటి నుంచి పిలుస్తున్నా జవాబు అందలేదని తేలినపుడే అతడు పడిపోయాడని నిర్ణయిస్తుంది. పల్లెవారిని వాకబు చేయడమన్నమాట. గడియారాల తేడా 30 సెకన్లు దాటితే హెచ్చరిస్తుంది, 60 దాటితే భాగస్వామ్యాన్నే ఆపివేస్తుంది. ఆ సంస్థవారు కేయాకు మారే ఆలోచనలో ఉన్నారు.

తిరిగి వచ్చేముందు, బయటి లైను లేకపోయినా రెండు యంత్రాలూ ఒకే కాలం చూపేటట్టు కింది సర్వరునే పై సర్వరుకు గడియారంగా ఏర్పాటు చేశాము. భాగస్వామి చనిపోయాడని ప్రకటించే ముందు కార్యాలయపు గదికి మనిషిని పంపి చూడాలని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ప్రయోగశాల గోడకు అంటించాము. కాపలా పెద్దాయన తన ఫోను నంబరును తానే దాని కింద రాయించుకున్నాడు. గడువు ముగిసే రోజు మధ్యాహ్నానికి ఆ వసతి గృహం నుంచి వెళ్ళవలసిన దరఖాస్తులన్నీ వెళ్ళాయని మాకు కబురు వచ్చింది.